విన్నవాళ్లు

చప్పట్లు కొట్టారు. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను. మిరప కళ్లాల్లో నడుం వంచే అక్కలారా, కాలేజీల్లో చదువుకునే పిల్లలారా, కాస్త ఓపిక పట్టి వినండి. ఈ కథలో ఆడమనిషి మీద చేయి చేసుకున్నవాడు ఒక్కడే. చప్పట్లు కొట్టినవాళ్లు అరవైమంది.

సత్తెనపల్లిలో బస్సెక్కితే దారిలో తగిలే ఒక మండల కేంద్రం అది. పేరు చెప్పను. చెబితే ఆ ఊళ్లోనే జరిగిందనుకుని మీ ఊళ్లో హాయిగా నిద్రపోతారు. అప్పటికి తాలూకాలు పోయి కొత్తగా మండలాలు వచ్చాయి. పెళ్లాన్ని హింసించేవాణ్ణి జైల్లో పెట్టొచ్చని ఢిల్లీలో చట్టం చేసి మూడు నాలుగేళ్లు అవుతోంది. ఆ చట్టం ఉందని మా వైపు స్టేషన్లకు తెలియడానికే ఆ మూడు నాలుగేళ్లూ పట్టింది. తెలిశాక ప్రభుత్వం ఏం చేసింది? అయిదు రోజుల శిక్షణ పెట్టింది. కానిస్టేబుళ్లు, స్టేషన్ రైటర్లు, అంగన్‌వాడీ టీచర్లు, గ్రామసేవికలు, ఆస్పత్రి నర్సులు, అందరినీ మండల ఆఫీసు పక్క హాల్లో బల్లలు వేసి కూర్చోబెట్టారు. ‘స్త్రీలపై హింస నివారణ’ అని గోడకు గుడ్డ బ్యానరు కట్టారు. మధ్యాహ్నం భోజనాలు జిన్నింగు మిల్లు ఆసామి యలమందయ్య గారు పెట్టించారు. ఆయన మిల్లులో దూది దుమ్ము మింగి దగ్గే ఆడవాళ్ల మాట మాత్రం ఆ బ్యానరు మీద ఎక్కడా లేదు.

పాఠం చెప్పడానికి గుంటూరు నుంచి వెంకటేశ్వరమ్మ గారని సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ వచ్చింది. చెడ్డ మనిషి కాదు. నా బాధంతా అదే. చెడ్డ మనిషైతే తిట్టి ఊరుకునేదాన్ని.

“దెబ్బలు తిన్న స్త్రీ మీ దగ్గరికి వస్తే ముందు కూర్చోబెట్టండి. మంచినీళ్లివ్వండి. ఆమె చెప్పిన మాట మీరు మళ్లీ పైకి అనండి. అప్పుడు ‘నా మాట విన్నారు’ అని ఆమెకు ధైర్యం వస్తుంది” అని చెప్పింది. ఎంత మంచి మాట! అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. “ఆ తర్వాత భర్తను పిలిపించండి, మందలించండి, ఇద్దర్నీ కలపండి. సంసారం నిలబెట్టడమే మన పని. చట్టం ఆఖరి మందు” అని కూడా చెప్పింది. అందరూ రాసుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం ఆదెమ్మ వచ్చింది.

ఆదెమ్మది ఊరికి తూర్పున ఉన్న క్రైస్తవ పల్లె. తన పిల్లకు రోజూ గంజి పోసే ఆ పల్లె అంగన్‌వాడీ టీచరు రెబ్కా శిక్షణలో ఉందని తెలిసి, వెతుక్కుంటూ హాలు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఎడమ చేతికి చీర పేలిక చుట్టి ఉంది. కళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి.

వెనక బల్ల మీద కూర్చున్న ఎస్సై బాపయ్య అడిగాడు. “ఏమే, కళ్లేంటి అట్టా ఉన్నయ్?”

“మిరప ఘాటండి.”

మా వైపు మాఘం నుంచి ఉగాది దాకా ఏ ఆడమనిషి కళ్లు ఎర్రగా ఉన్నా ఎందుకని ఎవరూ అడగరు. అడిగినా ఆమె మిరప ఘాటంటుంది, మనం సరేనంటాం. ఇన్నివేల ఎకరాల మిరప ఉన్న నేలలో ఏడుపు దాచుకోవడానికి ఆడవాళ్లకు ఇంతకన్నా మంచి చాటు లేదు. కానీ ఆ వారం ఆదెమ్మ ఒక్క మిరపకాయ కూడా ముట్టుకోలేదని రెబ్కాకు తెలుసు. పల్లెలో అందరికీ తెలుసు.

ఎలాగంటే, కళ్లాల్లో మా కూలి ముఠాలకు ఒక పద్ధతి ఉంది. చేతికో మొహానికో పచ్చి దెబ్బ ఉన్న మనిషి కాయ ఏరలేదు. చెయ్యి పెట్టిందంటే ప్రాణం పోయినంత పని అవుతుంది. అలాంటిదానికి ఆ పూట అందరికీ నీళ్లు మోసే పని ఇస్తారు. కూలి మిగతావాళ్లతో సమానమే. ఎందుకిచ్చారని అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. పొద్దున్నే ఎవరు కడవ ఎత్తుకుంటే, రాత్రి వాళ్లింట్లో దెబ్బలు పడ్డాయని అర్థం. దయగల పద్ధతే. ఆ దయతోనే అమ్మమ్మల కాలం నుంచి అందరం నోరు మూసుకుని బతికాం. ఆ వారం ఆదెమ్మ రోజూ నీళ్లు మోసింది. కడవ తల మీదకు ఎత్తింది కన్నతల్లి పున్నమ్మ. ఆ ముఠాకు పెద్ద ఆవిడే.

ఇక మొగుడు జయరావు. వాడు మిల్లు ఆసామి మనిషి. కిందటేడు కూలి పెంచమని జిన్నింగు మిల్లు ఆడవాళ్లు పని ఆపితే, గేటు దగ్గర కర్ర పట్టుకుని తరిమింది వాడే. మన పల్లెలో పుట్టినవాడే, ఆసామి పోయించిన సారా తాగి మన వీపులే చిట్లగొట్టాడు. గేటు దగ్గర శభాష్ అనిపించుకున్న చెయ్యి ఇంటికొచ్చి ముడుచుకుని కూర్చుంటుందా? చర్చి సంఘ పెద్దలు రెండుసార్లు ప్రార్థన చేసి, ఇద్దరి చేతులూ కలిపి పంపారు. రెండుసార్లూ వారం తిరక్కుండానే ఆదెమ్మ మళ్లీ నీళ్ల కడవ ఎత్తింది.

రెబ్కా లేచి గుమ్మం దగ్గరికి పోబోతుంటే వెంకటేశ్వరమ్మ గారు ఆపింది. ఆమె మొహం వెలిగిపోయింది.

“ఉండమ్మా, ఉండు. మనకు నిజమైన కేసే వచ్చింది. పుస్తకంలో చెప్పింది కళ్లతో చూద్దురుగాని. ఆమెను లోపలికి తీసుకురండి.”

ఆదెమ్మను తెచ్చి అరవైమంది ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ మనిషి జన్మలో అధికారుల ముందు కుర్చీ ఎక్కి ఎరగదు. అంచు మీద కూర్చుంది. మంచినీళ్లిచ్చారు. పేలిక విప్పించి దెబ్బ చూశారు. వేళ్ల సందుల్లో కొడవలి గాటు, అరచెయ్యంతా పగిలి ఉంది. “భయపడకుండా చెప్పు తల్లీ” అంది ఆఫీసరమ్మ.

“నన్ను ఇంటికి పంపకండమ్మగారూ. ఈసారి పోతే చంపేస్తానన్నాడు. చంపేస్తాడండీ.”

ఆఫీసరమ్మ శిక్షణకు వచ్చినవాళ్ల వైపు తిరిగింది. “చూశారా? ఇప్పుడు నేను ఆమె మాట పైకి అంటాను. ‘ఇంటికి పోతే చంపేస్తాడని భయపడుతున్నావు.’ అందరూ విన్నారా?”

బడిపిల్లల్లాగా అందరూ ఒక్కసారే అన్నారు. “విన్నాం మేడమ్!”

మిల్లు నుంచి జయరావును పట్టుకొచ్చారు. వస్తూనే ఎస్సై రెండు తగిలించాడు. వాడు ఆఫీసరమ్మ కాళ్ల మీద పడ్డాడు. బుద్ధి గడ్డి తిందన్నాడు, తాగుడు మానేస్తానన్నాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి కొందరు నర్సులు కళ్లొత్తుకున్నారు. ఎస్సై బాపయ్య స్టేషన్లో రాజీలు చేసినప్పుడు ఒక ఆనవాయితీ పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ని పంపి బస్టాండులో మూర కనకాంబరాలు తెప్పిస్తాడు, మొగుడి చేత పెళ్లాం తల్లో పెట్టిస్తాడు, రాజీ అయిపోయినట్టు. ఆ వేళా పూలు తెప్పించాడు. జయరావు పూలు పెట్టాడు.

ఆదెమ్మ కుర్చీలోంచి లేవలేదు. “అమ్మగారూ, పొయ్యేటప్పుడు నాతో ఎవరన్నా రారా?” అంది.

“మొగుడు పక్కనుండగా తోడెందుకే పిచ్చిదానా?” అంది ఆఫీసరమ్మ ముద్దుగా. హాలంతా నవ్వింది. ఆ నవ్వులోంచే ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. చప్పట్లు. ఆదెమ్మ రెబ్కా వైపు చూసింది. రెబ్కా చేతులు కూడా అప్పటికి చప్పట్లు కొడుతున్నాయి.

నాలుగో రోజు పొద్దున ఆదెమ్మ చచ్చిపోయిందని కబురొచ్చింది. నోట్లోంచి పత్తికి కొట్టే పురుగుల మందు వాసన. మెడ చుట్టూ నల్లగా వేళ్ల గుర్తులు.

నేను అప్పట్లో వ్యవసాయ కూలీల సంఘంలో తిరుగుతున్నాను. కబురు విని ఆస్పత్రికి పరిగెత్తాను. శవాల గది ముందు పున్నమ్మ మట్టిలో కూర్చుని ఉంది. ముఠా ఆడవాళ్లంతా పని వదిలేసి వచ్చారు. ఎస్సై కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు.

“కడుపునొప్పి తాళలేక మందు తాగిందని రాశాను. వేలిముద్ర వెయ్యి. సాయంత్రానికి శవం ఇప్పిస్తా” అన్నాడు.

మా జిల్లాలో పేపరు తెరిస్తే చాలు, ఎన్ని కడుపునొప్పులో! ఈ ఆడవాళ్లందరికీ కడుపులు ఎందుకిట్లా నొప్పి పెడుతున్నాయని ఏ డాక్టరూ అడగడు, ఏ కలెక్టరూ అడగడు.

పున్నమ్మ తలెత్తింది. “నా బిడ్డకు కడుపునొప్పి ఎప్పుడుందయ్యా? మెడ చూశావా?”

“మెడ సంగతి నీకెందుకు? వాడు కొట్టాడని నీ దగ్గర సాక్ష్యముందా?”

“మేం చెబుతాం సాక్ష్యం” అంది గురవమ్మ. ముఠాలో అందరికన్నా నోరున్న మనిషి. “నా కళ్లతో చూశా దాని చేతులు.”

ఎస్సై నవ్వాడు. “మీరా? మీరంతా చుట్టాలు. పైగా ఎర్రజెండా సంఘంలో ఉన్నోళ్లు. కోర్టులో మీ మాట నిలబడదు. తెలిసిన పెద్దమనుషులు ఎవరన్నా ఉంటే తీసుకురా, పో.”

వాడు అటు తిరగ్గానే ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. “నువ్వు చెప్పొచ్చుగా ముందే?” “నేనేం చెప్పాలి, తల్లి ఉండగా?” “అందరికీ తెలుసు, అందరం తాగాం గదే అది మోసిన నీళ్లు!” ఆ మాట అన్నది ఎవరో నాకు తెలియదు.

పున్నమ్మ నేల మీద చెయ్యి రుద్దుతూ నెమ్మదిగా అంది. “నా మొగుడు కొట్టినప్పుడు మా అమ్మ నాకు కడవ ఎత్తింది. నేను నా బిడ్డకు ఎత్తా. దానికి మేలు చేస్తున్నాననుకున్నానే. ఆ చెయ్యి ఊళ్లో నలుగురికీ చూపించాల్సింది. బట్ట చుట్టి నీళ్లకు పంపా.” గురవమ్మ ఆమెను పట్టుకుని ఘొల్లున ఏడ్చింది. మేమంతా ఏడ్చాం. సంఘం మనిషినని నేనేమీ తక్కువ ఏడవలేదు.

ఏడుపు కాస్త తగ్గాక నేనే అన్నాను. “ఆదెమ్మ మాట విన్నవాళ్లు మనం మాత్రమే కాదు. ఆ హాల్లో అరవైమంది సర్కారు మనుషులు విన్నారు. పోలీసులే విన్నారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?”

“వాళ్లు చెబుతారా?” అంది పున్నమ్మ.

“పోయి అడుగుదాం” అన్నాను. పున్నమ్మ వేలిముద్ర వెయ్యలేదు. శవం అక్కడే ఉండిపోయింది.

అవతల హాల్లో ఏం జరిగిందో రెబ్కా తర్వాత చెప్పింది. ఆ మధ్యాహ్నం సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి అందరినీ నిలబెట్టి హెచ్చరించాడట. “హాల్లో జరిగింది శిక్షణ. శిక్షణలో విన్నది సాక్ష్యం కాదు. మీరు ప్రభుత్వ మనుషులు, అది గుర్తుపెట్టుకోండి.” అంగన్‌వాడీ టీచర్లది ఖాయమైన ఉద్యోగం కాదు, ఒక్క మాటతో తీసేయొచ్చు. వాళ్లకా సంగతి బాగా తెలుసు. భోజనాలు వడ్డించారు. రెబ్కా విస్తరి ముందు నుంచి లేచింది.

“ఈ అన్నం జయరావు ఆసామిది. నేను తినను.”

పక్కన కూర్చున్న మహిళా కానిస్టేబుల్ మాబూబీ ఆమె చీర కొంగు పట్టి లాగింది. “కూర్చో రెబ్కా. నీకేం, నీ మొగుడు బడిపంతులు. నాకు మొగుడు లేడు. ఇద్దరు పిల్లలు, ఈ ఖాకీ బట్టలు, అంతే.”

“నువ్వు వినలేదా మరి?”

“విన్నా.”

“ఎట్టా నిద్ర పోతున్నావ్?”

“పోతున్నానని ఎవరన్నారు?” అంది మాబూబీ. ముద్ద చేతిలోనే ఉంది. నోట్లో పెట్టుకోలేదు, కింద పెట్టలేదు.

అయిదో రోజు సర్టిఫికెట్లు ఇచ్చే సభ. వేదిక మీద సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఆఫీసరమ్మ, మధ్యలో మెడలో దండతో మిల్లు ఆసామి. ఆయన స్త్రీజాతి ఔన్నత్యం గురించి మాట్లాడుతుండగా మేము లోపలికి వెళ్లాం. ముఠాలన్నీ కళ్లాలు వదిలేసి వచ్చాయి. కాయల దగ్గర్నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఆడవాళ్లం, మా చీరల్లోని ఘాటుకు వేదిక మీది పెద్దలకు దగ్గు పట్టుకుంది. మిల్లు ఆసామి ఉపన్యాసం మధ్యలోనే ఆగిపోయి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఎవరు మిమ్మల్ని రానిచ్చింది? నడవండి బయటికి!” అని అరిచాడు సర్కిల్.

పున్నమ్మ వేదిక వైపు చూడనే లేదు. బల్లల మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగింది. “నేను గొడవకి రాలేదమ్మా. ఆదెమ్మ తల్లిని. నా బిడ్డ ఇక్కడ కూర్చుని ఒక మాట అందంట. అది విన్నవాళ్లు ఎవరో ఒకసారి మొహాలు చూసి పోదామని వచ్చా.”

ఎవరూ కదల్లేదు. కొందరు కిటికీలోంచి బయటికి చూశారు. ఒక రైటరు కలం మూత పెట్టి తీసి పెట్టి తీస్తున్నాడు. పున్నమ్మ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వస్తోంది. తొందరేమీ లేదు ఆమెకు. ఇంటికి పోతే కన్నబిడ్డ ఉందా?

రెబ్కా లేచింది. “నేను విన్నా. ‘ఇంటికి పంపకండి, చంపేస్తాడు’ అంది.”

“కూర్చో! ఉద్యోగం ఉండాలా వద్దా?”

“తీసేయండి సార్. పిల్లలకు గంజి పోసే ఉద్యోగం. ఆదెమ్మ పిల్లకు రేపు ఏ మొహం పెట్టుకుని పొయ్యను?”

రెండో బల్లలోంచి ముసలి గ్రామసేవిక ఒకావిడ లేచింది. “నేనూ విన్నాను బాబూ.” తర్వాత ఒక నర్సు లేచింది. తర్వాత అంగన్‌వాడీ టీచర్లు నలుగురైదుగురు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచారు. కాసేపు మళ్లీ ఎవరూ లేవలేదు. అప్పుడు వెనక నుంచి బూట్ల చప్పుడైంది. మాబూబీ నిలబడి ఉంది.

“నువ్వు పోలీసువి!” అన్నాడు సర్కిల్. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఆ గొంతులో.

“అవున్సార్. నేనూ విన్నా. మెడ మీద గుర్తులు కూడా చూశా. రాత్రి శవానికి కాపలా వేశారు గదా నన్ను.”

అరవైమందీ లేచారని చెప్పాలని నాకూ ఉంది. కానీ లేవలేదు. సగం మంది కూడా లేవలేదు. మగవాళ్లలో ఒక్కడు, నాగూర్ వలి అనే కానిస్టేబుల్, లేచి నిలబడ్డాడు. మిగతావాళ్లు బల్లల్ని చూస్తూ ఉండిపోయారు. పున్నమ్మ చివరికి ఆఫీసరమ్మ ముందుకు వెళ్లింది. “మీరే గదమ్మా నా బిడ్డ మాట పైకి అంది?”

వెంకటేశ్వరమ్మ గారి కళ్లనిండా నీళ్లు. ఆ నీళ్లు నిజమైనవే. “నేను పైవాళ్లకు రిపోర్టు రాస్తానమ్మా” అంది. పున్నమ్మ తల ఊపి వచ్చేసింది.

లేచినవాళ్లంతా మాతో పాటు హాలు దాటి రోడ్డెక్కారు. స్టేషన్ దాకా నడిచాం. హత్య కేసు రాసుకోమన్నాం. బాపయ్య తలుపు వేయించాడు. మేము తలుపు ముందు రోడ్డు మీద కూర్చున్నాం. మిర్చి బస్తాల లారీలు అటూ ఇటూ ఆగిపోయాయి. మిల్లు ఆసామి జీపు కూడా ఆగిపోయింది. మూడు ఊళ్ల స్టేషన్ల నుంచి పోలీసుల్ని దించారు. లాఠీలు లేచాయి. గురవమ్మ తల పగిలింది. నాగూర్ వలిని తోటి పోలీసులే కాలర్ పట్టి ఈడ్చారు. దొరికినవాళ్లను దొరికినట్టు వ్యానులోకి తోశారు.

వ్యానులో పున్నమ్మ పక్కన రెబ్కా పడింది. పున్నమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “పెద్దమ్మా, మేం చెబుతాం. ఏ కోర్టుకు రమ్మన్నా వస్తాం. ఎన్నేళ్లయినా అదే మాట చెబుతాం.”

“చెప్పండమ్మా. తప్పకుండా చెప్పండి” అంది పున్నమ్మ. చెయ్యి విడిపించుకోలేదు. రెబ్కా మొహంలోకి చూసి, తిట్టినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అంది. “మొన్న లేస్తే నా బిడ్డ బతికేది గదమ్మా?”

రెబ్కా ఆ చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. పున్నమ్మ రెండో చెయ్యి తీసి ఆమె తల మీద వేసింది. ఏళ్ల తరబడి మిరప ఏరిన చెయ్యి. రెబ్కా కళ్లు మండిపోయాయి, అయినా ఆ చేతిని వదల్లేదు.

పక్క ఊరి స్టేషన్లో దించి మమ్మల్ని వరసలో నిలబెట్టారు. రైటరు పుస్తకం తెరిచాడు. అందరికన్నా ముందు రెబ్కా ఉంది.

“పేరు?”

“ముందు ఆదెమ్మ సంగతి రాసుకోండి. తర్వాత నా పేరు చెబుతా.”

“నీ పేరు చెప్పవే!”

“ఆదెమ్మను జయరావు చంపాడు. చంపేస్తాడని ఆమె చెప్పింది, నేను విన్నా. రాసుకోండి.”

రైటరు ఆమెను పక్కకు నెట్టి వెనకామెను అడిగాడు. మాబూబీ. సాటి పోలీసు, అతనికి ఆమె పేరు ఎప్పుడో తెలుసు. అయినా మాబూబీ పేరు చెప్పలేదు. “ముందు ఆదెమ్మ సంగతి రాయండి రైటరు గారూ” అంది. నెత్తురు గుడ్డతో తలకు కట్టు కట్టుకున్న గురవమ్మ కూడా అదే మాట అంది. నేనూ అదే అన్నాను. వరస గుమ్మం దాటి వాకిట్లోకి ఉంది, ఆ చివరి దాకా ఎవరూ పేరు చెప్పలేదు. రైటరు కలం పట్టుకుని కూర్చున్నాడు. మేము నిలబడే ఉన్నాం.